ఉచ్చారణ తప్పితే కీడు జరుగుతుందా? "ఇంద్రశత్రు"కీ "మరా"కీ మధ్య

ముందు ఒక మాట. చదవడం ఆపకండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీరు రాసినదాని సారాంశం ఇదీ. ఏడాదిగా రోజూ పొద్దున్నే ఫోన్‌లో ఆడియో పెట్టుకుని, దాంతోపాటు గాయత్రి మంత్రం, విష్ణు సహస్రనామం చదువుతున్నారు. ఉద్యోగం రావాలని మొదలుపెట్టారు. ఈమధ్య తెలిసినవాళ్లొకరు మీరు చదువుతుంటే విని, "ఇన్ని తప్పులతో చదివితే మంచి జరక్కపోగా కీడు జరుగుతుంది" అన్నారు. అప్పట్నుంచి పుస్తకం తెరవాలంటేనే టెన్షన్. పైగా అర్థం తెలియకుండా చదవచ్చా, మనసు నిలవకపోతే ఎలా, కోరికతో చదవడం తప్పా అని అనుమానాలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి.

నేను చిన్నప్పుడు కొన్నేళ్లు కృష్ణ యజుర్వేదం సంథ చెప్పుకున్నాను, అంటే గురువు నోట విని వల్లె వేశాను. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పెద్దవాళ్లకూ పిల్లలకూ స్తోత్ర పారాయణం నేర్పుతున్నాను. మీరు అడిగిన ఈ ప్రశ్న నాకు ఏడాదికి పదిసార్లయినా ఎదురవుతుంది. అడిగేవాళ్లందరిలోనూ ఒకటే భయం. ఆ భయం సగం నిజమే. కానీ మిమ్మల్ని బాధపెడుతున్నది ఆ నిజమైన సగం కాదు.

మీకు ఆ మాట చెప్పినవాళ్లు దాన్ని ఊహించి చెప్పలేదు. దాని వెనక ఒక కథ ఉంది. దేవశిల్పి త్వష్ట కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపేశాడు. త్వష్ట కోపంతో ఇంద్రుణ్ణి చంపగలవాడు పుట్టాలని హోమం చేస్తూ "ఇంద్రశత్రుర్వర్ధస్వ" అన్నాడు. ఇక్కడ శత్రు అంటే చంపేవాడు. ఇంద్రుణ్ణి చంపేవాడా, వృద్ధి పొందు అని ఆయన ఉద్దేశం. ఆ అర్థం రావాలంటే ఆ సమాసంలో చివరి అక్షరం ఉదాత్తం, అంటే హెచ్చు స్వరం కావాలి. ఆయన మొదటి పదాన్ని ఉదాత్తంగా పలికాడు. దాంతో సమాసం బహువ్రీహి అయిపోయి, "ఇంద్రుడే ఎవడికి చంపేవాడో అలాంటివాడా, వృద్ధి పొందు" అని అర్థం మారిపోయింది. వృత్రుడు పుట్టాడు, పెరిగాడు, చివరికి ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. అక్షరం ఒక్కటీ మారలేదు, మారింది స్వరం మాత్రమే. ఈ కథ తైత్తిరీయ సంహితలో ఉంది. దీన్ని ఉదాహరణగా తీసుకునే పాణినీయ శిక్ష (వేదం ఎలా ఉచ్చరించాలో చెప్పే గ్రంథం), స్వరం వల్లగానీ వర్ణం వల్లగానీ లోపించిన మంత్రం మాటల వజ్రాయుధమై యజమానినే దెబ్బతీస్తుంది అని హెచ్చరించింది.

ఇప్పుడు దీని పక్కన ఇంకో కథ పెట్టండి. బోయవాడికి "రామ" అనే పేరు నేరుగా చెప్పకుండా, అక్షరాలు తిరగేసి "మరా, మరా" అని జపించమన్నారు ఋషులు. అతను అదే అంటూ కూర్చున్నాడు, చుట్టూ పుట్ట పెరిగింది, వాల్మీకి అయ్యాడు. (ఈ కథ వాల్మీకి రామాయణంలో కనిపించదు. అధ్యాత్మ రామాయణం అయోధ్యాకాండలో ఉంది. చాలామంది పొరబడతారు కనుక చెబుతున్నా.) ఇక్కడ స్వరం సంగతి దేవుడెరుగు, మాటే తలకిందులు. అయినా ఫలించింది. భాగవతం ఆరో స్కంధంలో అజామిళుడైతే దేవుణ్ణి తలచుకోలేదు, చావు భయంతో కొడుకుని "నారాయణా" అని పిలిచాడు. అక్కడ విష్ణుదూతలు చెప్పే శ్లోకం చూడండి:

సాంకేత్యం పారిహాస్యం వా స్తోభం హేలనమేవ వా
వైకుంఠనామగ్రహణమశేషాఘహరం విదుః

ఇంకొకరికి పెట్టిన పేరుగా అన్నా, హాస్యానికి అన్నా, పాటలో ఊతపదంగా అన్నా, ఆఖరికి లెక్కలేనట్టు అన్నా సరే, ఆ నామం పాపాన్ని హరిస్తుందని.

ఒకచోట ఒక్క స్వరం తప్పితే వంశం పోయింది. ఇంకోచోట పేరే తిరగబడినా మోక్షం దొరికింది. రెండూ మన గ్రంథాలే. ఇందులో ఏది నిజం అని కొట్టుకునేవాళ్లున్నారు. నా అనుభవంలో ఆ కొట్లాటకు కారణం ఒక్కటే: వేరువేరు వస్తువుల నియమాలను ఒకే గంపలో వేసేయడం.

వేదమంత్రం ఒక వస్తువు. అక్కడ శబ్దమే ప్రధానం. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి మొదట్లోనే వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఆరు అంశాలు లెక్కపెట్టి, ఇదే శిక్షాధ్యాయం అంటుంది. ఏ అక్షరం, ఏ స్వరంలో, ఎంతసేపు, ఎంత ఒత్తి, ఏ తీరున, దేనికి కలిపి అన్నమాట. సంథ చెప్పేటప్పుడు గురువు ఒకసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి, తల పైకీ కిందకీ పట్టుకుని సరిచేస్తారు. ఆ పాఠం చెడకుండా సంహిత, పదం, క్రమం, జట, ఘనం అంటూ మాటల్ని ముందుకీ వెనక్కీ అల్లి వల్లె వేయిస్తారు. పుస్తకం లేకుండా వేల ఏళ్లు నిలిచిందంటే ఈ చాదస్తం వల్లే. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది కూడా ఇందుకే. ఇంద్రశత్రు కథ ఈ గంపలోది. ఇంకో సంగతి గమనించండి: అది యజ్ఞంలో, ఒక ప్రాణిని చంపడానికి చేసిన ప్రయోగం. ఇంట్లో దీపం పెట్టి కూర్చున్న మనిషి గురించి చెప్పిన కథ కాదు.

స్తోత్రం రెండో వస్తువు. విష్ణు సహస్రనామం మహాభారతం అనుశాసన పర్వంలోది. ఎక్కువ శ్లోకాలు అనుష్టుప్పు, అంటే పాదానికి ఎనిమిది అక్షరాలు. దీనికి ఉదాత్త అనుదాత్తాలు, అంటే వేదంలోని హెచ్చుతగ్గు స్వరాలు లేవు. అక్షరం స్పష్టంగా, పదం తెలిసేలా చదివితే చాలు.

నామం మూడోది. రామా, కృష్ణా, శివా అని పిలవడం. దీనికి ఉన్న నియమాలు దాదాపు సున్నా. కలిసంతరణోపనిషత్తులో నారదుడు బ్రహ్మను పదహారు నామాల మంత్రం గురించి అడుగుతాడు. విన్నాక, మనలాగే, "స్వామీ, దీనికి విధి ఏమిటి?" అంటాడు. బ్రహ్మ జవాబు రెండే మాటలు: "నాస్య విధిః". దీనికి విధి లేదు. శుచిగా ఉన్నా, అశుచిగా ఉన్నా, ఎప్పుడైనా అనుకోవచ్చు. "మరా" కథా, అజామిళుడూ ఈ గంపలోవాళ్లు.

ఈ గీతలు అన్నిచోట్లా ఇంత తేటగా ఉండవు. "నమః శివాయ" చూడండి, అది యజుర్వేదంలోని శ్రీరుద్రం (నమకం అన్నా అదే) ఎనిమిదో అనువాకంలో, అంటే ఎనిమిదో భాగంలో ఉంది. నమకంలో భాగంగా చదివితే స్వరంతో చదవాలి. రోడ్డు మీద నడుస్తూ శివుణ్ణి తలచుకుంటూ అంటే అది నామం, స్వరం అక్కర్లేదు. మాట అదే, సందర్భం వేరు.

ఇప్పుడు మీ సంగతి. మీరు చదివేవాటిలో ఒకటి మొదటి గంపలోది, ఒకటి రెండో గంపలోది. రెండింటినీ ఒకేలా చూడటంతోనే తంటా వచ్చింది.

గాయత్రి ఋగ్వేదం మూడో మండలం 62వ సూక్తంలో పదో ఋక్కు. ఋషి విశ్వామిత్రుడు, దేవత సవిత. గాయత్రీ ఛందస్సు అంటే ఎనిమిదేసి అక్షరాల పాదాలు మూడు, మొత్తం 24. కానీ వేలు మడిచి లెక్కపెట్టి చూడండి, "తత్సవితుర్వరేణ్యం"లో ఏడే వస్తాయి. ఒకటి తక్కువైంది కనుక దీన్ని నిచృద్గాయత్రి అంటారు. లెక్క సరిపోవడానికి "వరేణియం" అని విడదీసి చూస్తారు. ఒక్క అక్షరం తగ్గితే దానికీ పేరు పెట్టి దాచుకున్నారంటే ఎంత పట్టింపుతో చూశారో అర్థం చేసుకోండి. అలాంటిదాన్ని ఆడియోలో సంగీతం వెనక పెట్టి, రాగం సాగదీసి పాడితే అది వినడానికి హాయిగానే ఉంటుంది, నేనూ విన్నాను. కానీ అది నేర్చుకునే పద్ధతి కాదు. పాణినీయ శిక్షలో అధమ పాఠకుల జాబితా ఒకటి ఉంది:

గీతీ శీఘ్రీ శిరఃకంపీ తథా లిఖితపాఠకః
అనర్థజ్ఞోఽల్పకంఠశ్చ షడేతే పాఠకాధమాః

పాటలా పాడేవాడు, గబగబా చదివేవాడు, తల ఊపేవాడు, రాసినదాన్ని చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. ఆరుగురిలో మొదటివాడు ఎవరో చూశారుగా. ఫోన్‌లో లిరిక్స్ చూస్తూ ఆడియోతో పాటు పాడితే ఒకేసారి మూడు నాలుగు బిరుదులు వచ్చేస్తాయి. (నవ్వకండి. నేర్చుకునే రోజుల్లో నాకు శిరఃకంపీ బిరుదు రెండేళ్లు ఉంది.)

కాబట్టి గాయత్రి విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. ఆ ఒక్క మంత్రం గురువు దగ్గర కూర్చుని నేర్చుకోండి. ఉపనయనం అయినవాళ్లయితే అసలు ఉపదేశం అక్కడే జరిగి ఉంటుంది, దాన్నే మళ్లీ సరిచేయించుకోవడం. కానివాళ్లు, స్త్రీలు జపించవచ్చా అంటే పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. సంప్రదాయవాదులు ఉపనయనం ఉంటేనే అంటారు. ఋగ్వేదంలో ఘోష, అపాల, లోపాముద్ర వంటి స్త్రీలు సూక్తాలు దర్శించారు కదా అనేవాళ్లూ ఉన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీరు ఏ గురువును నమ్ముతారో ఆయన మాట వినండి, ఇంటర్నెట్‌లో తేల్చుకోవద్దు. ఈలోగా చదవడానికి లోకంలో ఏమీ మిగల్లేదన్నట్టు బాధపడక్కర్లేదు.

ఎందుకంటే సహస్రనామం ఉంది. అది ఎక్కడ పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకోండి. యుద్ధం అయిపోయింది. భీష్ముడు ఒళ్లంతా బాణాలతో అంపశయ్య మీద ఉన్నాడు. ధర్మరాజు ఆరు ప్రశ్నలు అడుగుతాడు. వాటిలో చివరిది "కిం జపన్ముచ్యతే జంతుః", దేన్ని జపిస్తే జంతువు విముక్తి పొందుతుంది అని. జంతువు అంటే పుట్టిన ప్రతి ప్రాణీ. ఫలానా మనిషి అనలేదు. ఇక జవాబు చెప్పినాయన స్నానం చేసి, మడి కట్టుకుని, ఆసనం మీద కూర్చునే స్థితిలో లేడు.

అలాగని తప్పులు చదవమని నేనడం లేదు. తప్పు వల్ల కీడు రాదు, కానీ తప్పు వల్ల నామం పోతుంది. ఈ తేడా మాత్రం పట్టుకోండి. మన తెలుగువాళ్లకు కొన్ని పాత అలవాట్లు ఉన్నాయి. అన్నిటికంటే మొండిది థ, ధ కలిపేయడం. కథను "కధ" అంటాం, నాథుణ్ణి "నాధుడు" అంటాం, రాసేటప్పుడూ అంతే. సహస్రనామంలో "అర్థోఽనర్థో మహాకోశో" అని వస్తుంది. అందరూ కోరుకునేవాడు కనుక అర్థః, తనకు కోరదగింది ఇంకేదీ లేదు కనుక అనర్థః. దీన్ని "అర్ధో" అని చదివితే సగం అని అర్థం. వేయి నామాలతో కీర్తిస్తూ మధ్యలో స్వామిని సగం చేసేస్తున్నాం. నలభై ఏళ్లుగా పారాయణం చేస్తున్న ఒక పెద్దావిడకు ఇది చెబితే ముందు కంగారుపడ్డారు, తర్వాత ఎంత నవ్వారంటే ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు.

రెండోది ఒత్తులు మింగేయడం. "అనాదినిధనో ధాతా విధాతా ధాతురుత్తమః" అన్న పాదంలో ధాత అంటే ధరించేవాడు. ఒత్తు తీసేస్తే దాత, ఇచ్చేవాడు అవుతాడు. అదీ మంచి మాటే కానీ అక్కడున్న మాట కాదు. మూడోది శ, స తేడా. నాలుగో శ్లోకం "సర్వః శర్వః శివః స్థాణుః" అని మొదలవుతుంది. రెండూ ఒకేలా పలికితే "సర్వః సర్వః" అయి, రెండు నామాలు ఒకటైపోతాయి. సర్వః అంటే అంతా తానైనవాడు, శర్వః అంటే సంహరించేవాడు.

ఇంకోటి విసర్గ. "రామః"ని రామహ అనీ, "హరిః"ని హరిహి అనీ, "విష్ణుః"ని విష్ణుహు అనీ ముందున్న అచ్చు నీడలాగా అంటే చాలు. కొందరు భయంతో దాన్ని గుండెల్లోంచి దగ్గినట్టు అంటారు, అవసరం లేదు. చివర పొల్లు ఉన్నచోట ఉకారం చేర్చడం కూడా మన అలవాటే. తెలుగు మాటలు అచ్చుతో ముగియడం వల్ల నాలుక ఊరుకోదు. "శ్రీమాన్" దగ్గర ఆగిపోవాలి.

ఎంత గట్టిగా పట్టుకోవాలి అక్షరాన్ని? దీనికి పాణినీయ శిక్షలోనే నాకు ఎంతో ఇష్టమైన పోలిక ఉంది. ఆడపులి పిల్లల్ని కోరలతో పట్టుకుని తీసుకెళుతుంది. జారిపోతాయేమో, గాటు పడుతుందేమో అని రెండు భయాలూ ఉంటాయి దానికి. అందుకే జారకుండా, నొప్పి కలగకుండా పట్టుకుంటుంది. వర్ణాల్ని అలా పలకాలి అంటుంది శ్లోకం. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట జారవిడుస్తారు. తప్పులు చెప్పాక ప్రతి అక్షరాన్నీ కొరికేస్తారు. రెండూ పోయి మధ్యకు రావడానికి కొన్ని నెలలు పడుతుంది.

ఇక ఇంత చేసినా తప్పులు మిగులుతాయని మన పెద్దలకు తెలుసు. అందుకే పారాయణం చివర "యదక్షరపదభ్రష్టం మాత్రాహీనం తు యద్భవేత్, తత్సర్వం క్షమ్యతాం దేవ" అని చదువుతాం. అక్షరం పోయినా, పదం జారినా, మాత్ర తగ్గినా క్షమించు స్వామీ అని. ఏడాదిగా మీరు రోజూ ఇది కూడా చదువుతూనే ఉండి ఉంటారు. మీ భయానికి జవాబు మీ పుస్తకం చివరి పేజీలోనే ఉందన్నమాట.

అర్థం తెలియకుండా చదవచ్చా అన్నది పాత తగాదా. ఎంత పాతదంటే వేదపదాలకు అర్థం చెప్పే యాస్కుడి నిరుక్తంలోనే కౌత్సుడనే ఆయన "అనర్థకా హి మంత్రాః" అన్నట్టు ఉంది. మంత్రాలకు అర్థమే లేదు, పలకడమే పని అని ఆయన వాదం. యాస్కుడు ఒప్పుకోడు. గుడ్డివాడు చూడలేక గుద్దుకుంటే అది స్తంభం తప్పు కాదు అంటాడు. ఇంకొంచెం ముందుకెళ్లి, వేదం చదివి అర్థం తెలుసుకోనివాడు బరువు మోసే మోడు అనే మాటను ఉదాహరిస్తాడు. కాస్త కటువుగానే ఉంది కానీ నేను యాస్కుడి పక్షమే.

బృహదారణ్యకంలో "అసతో మా సద్గమయ, తమసో మా జ్యోతిర్గమయ, మృత్యోర్మామృతం గమయ" అన్న ప్రార్థన అందరికీ తెలుసు. ఇవి జపించాలి అని చెప్పిన ఉపనిషత్తు అక్కడితో ఆగదు. వెంటనే కూర్చోబెట్టి వివరిస్తుంది: అసత్తు అంటే మృత్యువు, సత్తు అంటే అమృతం, కనుక నన్ను మృత్యువు నుంచి అమృతానికి చేర్చు అని దీని భావం. చీకటి అంటే మృత్యువు, వెలుగు అంటే అమృతం. మూడోదానికి వస్తే, ఇందులో దాగింది ఏమీ లేదు అంటుంది. జపించమన్న నోటితోనే అర్థం చెప్పిన గ్రంథం అది. పతంజలి యోగసూత్రం కూడా "తజ్జపస్తదర్థభావనమ్" అని జపాన్నీ అర్థభావననూ ఒకే సూత్రంలో కట్టేసింది.

అయితే అర్థం తెలిసేదాకా చదవను అని కూర్చోవద్దు. అది ఈత వచ్చేదాకా నీళ్లలో దిగను అన్నట్టే. చదువుతూ రోజుకు మూడు నామాల అర్థం తెలుసుకుంటూ పోతే ఏడాదికి వేయి దాటతాయి.

మనసు నిలవడం గురించి. ఇది అర్జునుడికే కుదరలేదు కనుక మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. మనసును పట్టుకోవడం గాలిని పట్టుకున్నట్టుందని ఆయన మొరపెట్టుకుంటే, కృష్ణుడు "అదేం లేదు" అనలేదు. నిజమే, కష్టమే, అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ పట్టుబడుతుంది అన్నాడు. అంతకు కొంచెం ముందే "యతో యతో నిశ్చరతి", ఎటెటు పోతే అటునుంచి మళ్లించి తెచ్చుకో అన్నాడు. అంటే పోతుందని ముందే ఒప్పుకున్నట్టే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. మనుస్మృతిలో విధియజ్ఞం కంటే జపయజ్ఞం పది రెట్లు, పెదవులు మాత్రమే కదిలే ఉపాంశువు నూరు రెట్లు, మానసికం వేయి రెట్లు అని ఉంది. ఇది చదివి, వేయి రెట్లు వస్తుంటే పైకి ఎందుకు చదవాలి అని మొదటి రోజే కళ్లు మూసుకుని మానసిక జపానికి కూర్చుంటారు. పది నిమిషాల్లో నిద్ర వస్తుంది, లేదా ఆఫీసు పని గుర్తుకొస్తుంది. నేనైతే కొత్తవాళ్లకు కనీసం ఏడాదిపాటు పైకి చదవమంటాను. చెవికి పని ఉంటే మనసు కాస్త ఇంటి పట్టున ఉంటుంది. మీరు ఆడియోతో పాటు చదువుతున్నారు కనుక ఇంకో చిక్కు ఉంది. గొంతు దాని వెంట నడిచిపోతుంది, మనసుకు పనే ఉండదు. ఆడియో ఆపి ఒక్కరోజు చదివి చూడండి, ఎక్కడెక్కడ రాదో అప్పుడు తెలుస్తుంది. వినడం వేరే పుణ్యం, దాన్ని కాదనను. సహస్రనామం చివర ఫలితం చెప్పే ఫలశ్రుతిలో రెండో శ్లోకమే "య ఇదం శృణుయాన్నిత్యం యశ్చాపి పరికీర్తయేత్" అంటూ వినేవాణ్ణి చదివేవాడి కంటే ముందు పెట్టింది. వినేటప్పుడు వినండి, చదివేటప్పుడు చదవండి.

కోరిక సంగతి దగ్గర నాకు కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. ఎందుకంటే ఈమధ్య "నిష్కామంగా చేయాలి" అనే మాట పట్టుకుని జనాన్ని బెదిరించడం ఎక్కువైంది.

నమకం తర్వాత చదివే చమకం విన్నారా ఎప్పుడైనా? అది మొదలు నుంచి చివరిదాకా "చ మే, చ మే", అంటే నాకు ఇదీ కావాలి, అదీ కావాలి. వడ్లు కావాలి, యవలు కావాలి, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు కావాలి. మరోచోట పడక సుఖంగా ఉండాలి, తెల్లవారితే మంచి రోజు కావాలి అని కూడా అడుగుతారు. చివరి అనువాకంలో ఒకటి, మూడు, అయిదు అంటూ బేసి సంఖ్యలు ముప్పై మూడు దాకా, నాలుగు, ఎనిమిది అంటూ నలభై ఎనిమిది దాకా అంకెల్ని కూడా అడిగేశారు. వేదానికే మొహమాటం లేదు. మీ ఉద్యోగం అడగడానికి మీకెందుకు? గీత ఏడో అధ్యాయంలో తనను భజించేవాళ్లు నాలుగు రకాలు అని చెబుతూ కృష్ణుడు ఆపదలో ఉన్నవాణ్ణీ, అర్థం కోరేవాణ్ణీ కూడా లెక్కలోకి తీసుకున్నాడు. జ్ఞాని తనకు ఎంతో దగ్గర అంటూనే, "ఉదారాః సర్వ ఏవైతే", వీళ్లంతా ఉదారులే అన్నాడు.

ధ్రువుడు రాజ్యం కోసమే అడవికి వెళ్లాడు. అయిదేళ్ల పిల్లాడు, సవతి తల్లి మాట పడలేక వెళ్లాడు. నారదుడు ద్వాదశాక్షరి, అంటే పన్నెండక్షరాల వాసుదేవ మంత్రం చెప్పాడు, మధువనంలో ఆరు నెలలు చేశాడు, స్వామి వచ్చాడు. కోరికతో చేశావని ఎవరూ పక్కన పెట్టలేదు. కాకపోతే వరం తీసుకుని ఇంటికి వస్తూ ధ్రువుడే బాధపడ్డాడు. చక్రవర్తి దగ్గరికి వెళ్లి నూకలు అడిగిన పేదవాడిలా అయ్యాను అనుకున్నాడు. ఆ బుద్ధి జపం ముగిశాక వచ్చింది. ముందే ఉండాలని నారదుడు పట్టుబట్టలేదు. అది నాకు నచ్చే విషయం.

దీనికి ఆవలి గట్టు ఎలా ఉంటుందో కూడా చూడాలంటే మహాభారతం శాంతిపర్వంలో జాపకోపాఖ్యానం చదవండి. అంతగా ప్రచారంలో లేని కథ. హిమాలయం దగ్గర ఒక బ్రాహ్మణుడు వేయేళ్లు జపం చేశాడు. సావిత్రీదేవి ప్రత్యక్షమై ఏం కావాలి అంటే, "నా మనసు జపంలోనే ఆనందిస్తూ ఉంటే చాలు" అన్నాడు. తర్వాత ధర్మదేవత వచ్చి స్వర్గానికి రమ్మంటే రానన్నాడు. కాలుడు, మృత్యువు, యముడు వచ్చి కూర్చున్నారు. అంతలో తీర్థయాత్రకు వచ్చిన ఇక్ష్వాకు మహారాజు ఆ మాటా ఈ మాటా అయ్యాక, నీ జపఫలం నాకిచ్చెయ్ అన్నాడు. బ్రాహ్మణుడు వెంటనే ఇచ్చేశాను అన్నాడు. రాజుకు అనుమానం వచ్చింది. ఇంతకీ ఆ ఫలం ఏమిటి? బ్రాహ్మణుడి జవాబు: "నాకు తెలియదు. చేసిన జపం మాత్రం ఇచ్చేశాను." ఫలం ఏమిటో తెలియకుండా వేయేళ్లు చేశాడు! తెలియని ఫలంతో నాకేం పని అని రాజు వెనక్కి తగ్గితే, ఇచ్చింది తిరిగి తీసుకోను అని ఈయన. ఇద్దరి మధ్యా నడిచే వాదన నిజంగా సరదాగా ఉంటుంది. చివరికి ఇద్దరూ ఫలాన్ని సమంగా పంచుకుని ఒకే చోటికి చేరతారు.

ఇదే ఉపాఖ్యానం మొదట్లో భీష్ముడు, ఐశ్వర్యం మీద ఆశతో జపించేవాళ్లు నరకానికి పోతారు అన్నట్టు ఉంటుంది. అది చదివి భయపడేరు. ఆ నరకం ఏమిటని ధర్మరాజు అడిగితే, పరమపదంతో పోల్చినప్పుడు దేవతల లోకాలు కూడా నరకాలే అని భీష్ముడే విప్పి చెబుతాడు. సగం శ్లోకం పట్టుకుని భయపెట్టేవాళ్లకు మిగతా సగం తెలియదు. మీకు వచ్చిన టెన్షన్ కూడా అలాంటిదే.

మీరు అడగకపోయినా అడగబోయేవి రెండు. స్నానం చేయకుండా చదవచ్చా? సహస్రనామ ఫలశ్రుతిలో "శుచిస్తద్గతమానసః" అని ఉంది కనుక కుదిరినప్పుడు స్నానం చేసి చదవండి. ప్రయాణంలో ఉంటే నామం అనుకోండి, దానికి విధి లేదని బ్రహ్మే చెప్పాడు. ఒకరోజు మానేస్తే? మర్నాడు చదవండి. పదిహేను రోజులు మానేసినా అంతే. బాకీ లెక్కగట్టి ఒకేసారి పదిహేను పారాయణాలు చేసేవాళ్లను చూశాను. అది గబగబా చదివే శీఘ్రీ ఖాతాలోకి పోతుంది.

చేయాల్సింది ఏమిటంటే, రేపటినుంచి ఒక నెల గాయత్రిని పక్కన పెట్టి గురువును వెతుక్కోండి. సహస్రనామం మాత్రం రోజూ చదవండి, కానీ కొత్తగా ఒకటి చేర్చండి. చదవడం అయ్యాక అయిదు శ్లోకాలు తీసుకుని, ప్రతి నామాన్నీ విడదీసి, ఆడియో లేకుండా నెమ్మదిగా అయిదుసార్లు అనండి. థ, ధ వచ్చినచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రోజుకు అయిదు చొప్పున అసలు స్తోత్రంలోని 107 శ్లోకాలకు మూడు వారాల మీద ఒక్కరోజు చాలు. మిగిలిన వారం మొదటి శ్లోకాలకు తిరిగి రండి. సందేహం ఉన్న పదాలు ఇక్కడే రాయండి, శ్లోకం సంఖ్యతో సహా రాస్తే చూసి చెబుతాను.